చంద్రపూర్ ఎండల్లో మూడడుగుల ట్యాంకు: చప్పుడు లేని చిల్లర్ ఎలా ఎంచుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చంద్రపూర్‌లో కాలనీ క్వార్టర్, మూడడుగుల ప్లాంటెడ్ (మొక్కలు పెంచే) చేపల ట్యాంకు, అందులో నియాన్ టెట్రాలు, కొన్ని క్రిస్టల్ రొయ్యలు. పోయిన మే నెలలో నీళ్లు 35 డిగ్రీలు దాటి సగం చేపలు పోయాయి. నాన్నగారు గనిలో నైట్ షిఫ్టు చేసి వచ్చి, పగలు ట్యాంకు ఉన్న గదిలోనే పడుకుంటారు. చప్పుడు చేయని చిల్లర్ (ట్యాంకు నీళ్లను చల్లబరిచే యంత్రం) ఏ కంపెనీది, పెల్టియర్ రకం (కంప్రెసర్ లేకుండా కరెంటుతోనే చల్లబరిచేది) సరిపోతుందా, స్టాండు కింద అరలో పెట్టుకోవచ్చా అని మూడు ప్రశ్నలు వేశారు.

నేను ఉండేది బల్లార్షాలో. మీకున్న ఎండే మాకూ ఉంది. చాలా ఏళ్లుగా ట్యాంకులు పెంచుతున్నాను, తెలిసినవాళ్ల ఇళ్లలో చిల్లర్లు బిగించేటప్పుడు చేయి వేస్తుంటాను. నా అనుభవంలో చప్పుడు తగ్గేది మూడింటి వల్ల: మీ ట్యాంకు లోపలికి ఎంత వేడి వస్తోందో ముందే తెలుసుకోవడం, దానికంటే ఒక మెట్టు పెద్ద చిల్లర్ తీసుకోవడం, దాన్ని పడుకునే గది బయట పెట్టడం. ఈ మూడూ కుదిరాక కంపెనీ ఏదైనా పెద్ద తేడా ఉండదు. ఇవి కుదరకపోతే ఎంత ఖరీదైనది తెచ్చినా నాన్నగారికి నిద్ర ఉండదు.

మీ నాన్నగారు పడుకునేది పగలు. అంటే చిల్లర్ ఎక్కువగా కష్టపడే వేళ, ఆయన నిద్రపోయే వేళ ఒకటే. మామూలుగా ఇచ్చే "రాత్రి ఆపేసుకోండి" అన్న సలహా మీకు పనికిరాదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పెల్టియర్ సంగతి ముందు తేల్చేస్తాను. దానిలో కంప్రెసర్ ఉండదు కాబట్టి అదురు ఉండదు, నిజమే. కానీ దాని వెనక చిన్న ఫ్యాను ఒకటి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, ఆ సన్నటి కూత కొందరికి కంప్రెసర్ కంటే చిరాకు. అసలు ఇబ్బంది బలం. అది లాగే కరెంటు కంటే నీళ్లలోంచి తీసేసే వేడి తక్కువగా ఉంటుంది, కంప్రెసర్ చిల్లర్ అయితే తను లాగే కరెంటుకు మించిన వేడిని బయటికి తోస్తుంది. గది వేడెక్కే కొద్దీ పెల్టియర్ ఇంకా నీరసపడుతుంది. 20 లీటర్ల చిన్న ట్యాంకుకు, గది మరీ మండిపోకుండా ఉంటే, మూడు నాలుగు డిగ్రీలు దించుతుంది. మీ మూడడుగుల ట్యాంకుకు దండగ.

అయితే ఆ 20 లీటర్ల సంగతి మీకు వేరే రకంగా పనికొస్తుంది. నియాన్ టెట్రాలు 26 వరకు హాయిగా ఉంటాయి, వేసవిలో 27ను కూడా ఓర్చుకుంటాయి. క్రిస్టల్ రొయ్యలు అలా కాదు, వాటికి 20 నుంచి 24 మధ్య కావాలి. గది 36 డిగ్రీలు ఉన్నప్పుడు నీళ్లను 27 దగ్గర ఆపాలంటే తేడా 9 డిగ్రీలు. 23 దగ్గర ఆపాలంటే 13. వేడి లోపలికి వచ్చే వేగం దాదాపు ఈ తేడాను బట్టే ఉంటుంది, అంటే గుప్పెడు రొయ్యల కోసం చిల్లర్ సుమారు 45 శాతం ఎక్కువ పని చేయాలి. ఆ చప్పుడంతా నాన్నగారి చెవి పక్కనే. లోపలి గది 27–28 దాటకుండా ఉంటేనే రొయ్యల్ని అక్కడ ఒక చిన్న ట్యాంకుకు మార్చి దానికి పెల్టియర్ పెట్టండి, లేకపోతే వేడిని కొంచెం బాగా తట్టుకునే చెర్రీ రొయ్యల్ని పెంచుకోండి. పెద్ద ట్యాంకుకు 26–27 లక్ష్యం చాలు.

అసలు ఎండలో చేపలు పోయేది ఒక్క వేడికే కాదు. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 35 దగ్గర 6.9 మాత్రమే. అదే సమయంలో చేప ఒంట్లో అన్నీ వేగంగా జరుగుతాయి కాబట్టి దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అమ్మోనియాలో విషపూరితమైన భాగం కూడా వేడికి పెరుగుతుంది. మొక్కలు రాత్రిపూట ఆక్సిజన్ వాడుకుంటాయి, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే కారణం ఇదే. చిల్లర్ వచ్చేలోపు ఎయిర్ పంపు ఒకటి రాత్రంతా నడపండి.

ఇక ఫ్యాను. చిల్లర్ కొనేవాళ్లలో చాలామంది ఫ్యానును చిన్నచూపు చూస్తారు. మన వైపు అది చాలా పెద్ద తప్పు. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి తీసుకుపోతుంది. మీ ట్యాంకు 3 × 1.5 × 1.5 అడుగులు అనుకుంటే, మట్టి, రాళ్లు పోను నీళ్లు 165 లీటర్ల దాకా ఉంటాయి. అందులోంచి లీటరు ఆవిరైతే మూడున్నర డిగ్రీలు దించినంత పని. ఎండిన గాలిలో రోజుకు 5 లీటర్లు ఆవిరైతే సగటున 140 వాట్ల వేడి చప్పుడు లేకుండా బయటికి పోయినట్టే.

ఇది అన్ని ఊళ్లలో కుదరదు. బరంపురంలో మా పిన్ని కొడుకు ఇలాంటి ట్యాంకుకే రెండు ఫ్యాన్లు పెట్టినా నీళ్లు 31 కిందకి దిగలేదు. ఫ్యాన్లలో లోపం లేదు, సముద్రం దగ్గరి గాలి అలాంటిది. థర్మామీటర్ బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలి తగలనిస్తే అది ఎక్కడ ఆగుతుందో, ఆవిరితో నీళ్లను ఆ అంకె దాకానే దించగలం. చంద్రపూర్‌లో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు, గాలిలో తేమ 15 శాతం ఉందనుకోండి, ఆ తడి గుడ్డ అంకె 24 దగ్గర ఉంటుంది. బరంపురంలో 35 డిగ్రీలు, తేమ 70 శాతం అయితే 30. వాళ్లకు ఎండ మనకంటే పది డిగ్రీలు తక్కువ, అయినా ఫ్యానుతో 30 కిందకి దించలేరు. గంజాం, గజపతి జిల్లాలవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు ఒకటే మాట: చిల్లర్ నడిచేటప్పుడు మూత వేసి ఉంచండి. చల్లటి నీళ్ల మీద ఆ గాలిలోని తేమ దిగి, వేడిని ఇంకా లోపలికి మోసుకొస్తుంది. అద్దానికి బయట చెమట పట్టి ప్లైవుడ్ స్టాండు ఉబ్బిపోతుంది కూడా. మనకు ఆ చెమట బెడద వానాకాలంలోనే. మే నెలలో మనం మూత తీసేసి ఫ్యాను, చిల్లర్ రెండూ కలిపి నడపవచ్చు, నడపాలి కూడా.

ఫ్యాను ఎలాంటిదంటే, కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాను. దాన్ని 9 వోల్టుల అడాప్టర్‌తో నడిపితే దాదాపు వినపడదు. నీళ్ల మీదుగా ఏటవాలుగా గాలి వెళ్లేలా పెట్టండి. గదిలో డెజర్ట్ కూలర్ నడుస్తుంటే గాలిలో తేమ పెరిగి ఫ్యాను బలం తగ్గుతుంది, కానీ గది కూడా చల్లబడుతుంది కాబట్టి మొత్తానికి లాభమే. ఆవిరైన నీళ్ల చోట బోరు నీళ్లు పోయకండి. ఆవిరయ్యేది ఒట్టి నీరే, ఖనిజాలన్నీ ట్యాంకులోనే మిగులుతాయి, నెల తిరిగేసరికి నీళ్లు రాయిలా కఠినమైపోతాయి. ఆర్‌ఓ నీళ్లతోనే నింపండి.

ఇప్పుడు సైజు. దుకాణంలో "మూడడుగుల ట్యాంకా, 1/10 హెచ్‌పీ చాలు" అంటారు. ఆ హెచ్‌పీ కంప్రెసర్ గురించి చెప్పేదే, మీ ట్యాంకు గురించి కాదు. మీ ట్యాంకు వేడి లెక్క మీరే కొలుచుకోవచ్చు. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో, గది బాగా వేడెక్కిన మధ్యాహ్నం, గట్టిగా మూత బిగించిన లీటరు బాటిళ్లలో గడ్డకట్టిన నీళ్లను ఒక్కొక్కటిగా ట్యాంకులో వేయండి. మీ 165 లీటర్లకు ఒక్కో బాటిల్ 0.6 నుంచి 0.7 డిగ్రీలు దించుతుంది, కాబట్టి నాలుగు బాటిళ్లతో రెండున్నర డిగ్రీల దాకా దిగుతుంది. తొందరపడకండి, రెండు గంటలు పట్టనివ్వండి, చేపలకు కుదుపు తగలకూడదు. తర్వాత బాటిళ్లు తీసేసి, ఫిల్టర్, లైటు, ఫ్యాను ఎప్పటిలాగే నడుస్తుండగా గంటకు నీళ్లు ఎంత వేడెక్కాయో చూడండి. లీటర్లను ఆ డిగ్రీలతో గుణించి, మళ్లీ 1.16తో గుణిస్తే వాట్లు వస్తాయి. 165 లీటర్లు, గంటకు 1 డిగ్రీ పెరిగితే 191 వాట్లు. పరీక్ష చేసినప్పటి నీళ్లకు, గదికి మధ్య తేడా 7 డిగ్రీలే ఉండి, మీ లక్ష్యానికి 10 కావాలంటే ఆ నిష్పత్తిలో పెంచుకోండి.

ఉదాహరణకు 200 వాట్లు వచ్చిందనుకుందాం. చిల్లర్ కాగితాల్లో "చల్లబరిచే శక్తి" ఎన్ని వాట్లో, ఎన్ని బీటీయూలో వెతకండి (1 వాటు అంటే గంటకు 3.41 బీటీయూలు). ఆ అంకె మీ లెక్కకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, అంటే 300 వాట్లు, సుమారు 1,000 బీటీయూలు. కారణం రెండు. ఒకటి, ఆ అంకె చల్లటి గదిలో కొలిచింది, మన గది 36–38కి వెళ్తే అది పడిపోతుంది. రెండోది చప్పుడు గురించే. సరిగ్గా సరిపోయేంత చిల్లర్ మధ్యాహ్నమంతా ఆగకుండా నడుస్తుంది. కొంచెం పెద్దది కాసేపు నడిచి కాసేపు ఆగుతుంది. అలాగని నాలుగు రెట్లు పెద్దది కూడా వద్దు, మాటిమాటికీ ఆన్, ఆఫ్ అవుతుంటే మొదలైనప్పుడల్లా వచ్చే ఆ "టక్" శబ్దమే మనిషిని లేపేస్తుంది, కంప్రెసర్ ఆయుష్షూ తగ్గుతుంది. థర్మోస్టాట్‌లో ఆన్ అయ్యే, ఆఫ్ అయ్యే అంకెల మధ్య తేడా 1 డిగ్రీ కంటే తక్కువ పెట్టకండి, 1.5 ఉంటే మేలు.

చిల్లర్ కొనేముందే ఆ 200ను 120కి దించే మార్గాలు చూడండి. ట్యాంకు వెనక, పక్కల, అడుగున అంగుళం మందం థర్మోకోల్ అతికిస్తే ఆ అద్దాల గుండా వచ్చే వేడి బాగా తగ్గుతుంది. నీళ్లలో మునిగి ఉండే పంపు ఎన్ని వాట్లు లాగుతుందో ఆ మొత్తం వేడిగా నీళ్లలోకే వెళ్తుంది, కాబట్టి తక్కువ వాట్ల డీసీ పంపు వాడండి. లైటు వేళలు మార్చి సాయంత్రం ఆరు తర్వాత వెలిగించండి. మొక్కలకు ఏ వేళ అయినా ఒకటే.

ఇక చప్పుడు దగ్గరికి వద్దాం. చిల్లర్ నుంచి వచ్చేది మూడు రకాలు, ఒక్కోదానికి మందు వేరు. ఫ్యాను గాలి శబ్దం ఒకటి, గొట్టాల్లో నీళ్ల శబ్దం ఒకటి, కంప్రెసర్ అదురు ఒకటి. మొదటి రెండూ చెవికి అలవాటైపోతాయి. నిద్ర పాడు చేసేది మూడోది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కంప్రెసర్ లోంచి 100 హెర్ట్జ్ దగ్గర ఒక మందపాటి రొద వస్తుంది. ఇది గాలిలో కంటే కలపలో, నేలలో బాగా పరుగెడుతుంది. అందుకే స్టాండు అరలో పెట్టొద్దంటాను. ఆ ప్లైవుడ్ డబ్బా మద్దెలలా పనిచేసి చిన్న అదురును పెద్దది చేస్తుంది. పైగా చిల్లర్ నీళ్లలోంచి తీసిన వేడికి తను లాగిన కరెంటు వేడిని కలిపి బయటికి ఊదుతుంది. మూసిన అరలో ఆ వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటూ ఆగకుండా నడుస్తుంది. అర తలుపు తీసి ఉంచినా లాభం తక్కువ.

ఎవరింట్లోనైనా నడుస్తున్న చిల్లర్ చూసే అవకాశం ఉంటే ఇలా పరీక్షించండి. అది కూర్చున్న బల్ల మీద అరచేయి ఆనించండి. వేళ్లకు జివ్వుమని తగులుతుంది. ఇప్పుడు ఇంకొకరిని చిల్లర్‌ను రెండు చేతులతో బల్ల మీదనుంచి అంగుళం పైకి లేపమనండి, నిటారుగానే, గొట్టాలు లాగకుండా. గదిలో రొద ఒక్కసారిగా సగానికి పైగా పడిపోతే, మీరు విన్నది బల్ల చప్పుడు, చిల్లర్‌ది కాదు. అలాంటి చిల్లర్‌ను నిశ్చింతగా కొనొచ్చు. పైకి లేపినా రొద అలాగే ఉంటే కంప్రెసర్ బిగింపే బాగోలేదు, వదిలేయండి.

కాగితం మీద డెసిబెల్ అంకెల్ని చూసి మోసపోవద్దు. ఎంత దూరం నుంచి కొలిచారో రాయకుండా "40 డెసిబెల్" అంటే అర్థం లేదు. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్ తగ్గుతుంది, 10 పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతగా అనిపిస్తుంది. ఫోన్ యాప్ అంకెలు ఖచ్చితం కాకపోయినా, అదే ఫోన్‌తో అదే చోట రెండు చిల్లర్లను పోల్చడానికి పనికొస్తాయి. హైలియా, రీసన్, టెకో లాంటి పేర్లు దుకాణాల్లో వింటారు. వేటిలోనైనా నేను చూసేవి: లోపలి కాయిల్ టైటానియమేనా (రాగి అయితే రొయ్యలకు విషం), ఫ్యాను పెద్దదిగా నెమ్మదిగా తిరిగేదేనా, కరెంటు పోయి వచ్చినప్పుడు మూడు నిమిషాలు ఆగి మొదలయ్యే ఏర్పాటు ఉందా, గ్యాస్ ఏది. ఆర్-134ఏ అయితే ఊళ్లో ఫ్రిజ్ మెకానిక్‌కు అలవాటైనదే. పాత వాటర్ కూలర్ కంప్రెసర్‌తో చిల్లర్ చేసిస్తామనేవాళ్లు ఉంటారు. రాగి కాయిల్, పెద్ద రొద, రెండూ వస్తాయి, వద్దు. ఫ్రిజ్‌లో ప్లాస్టిక్ పైపు చుట్ట పెట్టి నీళ్లు తిప్పడం కూడా పనిచేయదు, ఫ్రిజ్‌కు అంత బలం ఉండదు.

మీ ఇంట్లో ఎక్కడ పెట్టాలంటే, పక్క గదిలోనో, వంటింటికి వెళ్లే నడవలోనో నేల మీద. క్వార్టర్ గోడకు రంధ్రం కొట్టనివ్వరు కాబట్టి తలుపు మూల నుంచో, రెండు గదుల మధ్య కిటికీ ఉంటే ఆ ఊచల మధ్య నుంచో గొట్టాలు తీసుకెళ్లండి. వెళ్లే గొట్టం, వచ్చే గొట్టం మూడు నాలుగు మీటర్లున్నా ఫర్వాలేదు. ఏసీ మెకానిక్‌లు రాగి గొట్టాలకు తొడిగే నల్లటి ఫోమ్ గొట్టం దొరుకుతుంది, అది తొడిగితే దారిలో చల్లదనం పోదు. గొట్టం సన్నగా ఉంటే నీళ్లు ఈల వేస్తాయి, కాబట్టి 16 మిల్లీమీటర్లది వాడి, వంపులు వెడల్పుగా తిప్పండి. చిల్లర్‌ను కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే డబ్బా ఫిల్టర్) తర్వాత కలపాలి, అప్పుడు శుభ్రమైన నీళ్లే లోపలికి వెళ్తాయి. చిల్లర్ అడిగే ప్రవాహం మీ ఫిల్టర్ ఆ దూరానికి ఇవ్వగలదో లేదో ముందే చూసుకోండి.

చప్పుడని ఆరుబయట పెట్టడం మాత్రం వద్దు. 45 డిగ్రీల వడగాలిలో కంప్రెసర్ వేడిని దేనిలోకి వదలాలి? పక్క గదిలో పెట్టినా వెనకా ముందూ అడుగు ఖాళీ ఉండాలి. నేల మీద రబ్బరు షీటు ముక్కలు నాలుగు, వాటి మీద షాబాద్ బండ ఒకటి, బండ మీద మళ్లీ రబ్బరు, దాని మీద చిల్లర్. బరువైన బండ అదురును మింగేస్తుంది. చిల్లర్ దగ్గర చివరి జానెడు గొట్టం మెత్తటి సిలికాన్‌ది అయితే అదురు గొట్టం వెంట ట్యాంకు దాకా రాదు. గోడకు ఏదీ తగలకూడదు.

నాన్నగారి నిద్ర కోసం ఇంకో ఉపాయం. నీళ్లకు వేడిని ఆపుకునే గుణం చాలా ఎక్కువ. ఆయన ఇంటికి వచ్చేలోపు, ఇంకా గది చల్లగా ఉండగానే చిల్లర్‌ను 25కి పెట్టి దించేయండి. ఆయన పడుకోగానే 27కి మార్చండి. గంటకు 1 డిగ్రీ పెరిగే ట్యాంకు అయితే రెండు గంటలు చిల్లర్ మొదలవదు. థర్మోకోల్, ఫ్యాను పెట్టి వేడి సగానికి తగ్గిస్తే నాలుగు గంటలు. అంత నెమ్మదిగా జరిగే రెండు డిగ్రీల తేడా చేపలకు ఏమీ కాదు.

కరెంటు విషయంలో రెండు జాగ్రత్తలు. వేసవి సాయంత్రాల్లో వోల్టేజ్ పడిపోతే కంప్రెసర్ మొదలవలేక గుర్రుమంటూ వేడెక్కుతుంది, స్టెబిలైజర్ పెట్టండి. ఇంట్లో ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే దాని మీద చిల్లర్ నడపొద్దు, రొద పెరుగుతుంది, మోటారు పాడవుతుంది. కరెంటు పోయినప్పుడు ఎయిర్ పంపు, ఫ్యాను నడిస్తే చాలు. నాగ్‌పూర్ నుంచో హైదరాబాద్ నుంచో ట్రాన్స్‌పోర్టులో వచ్చిన చిల్లర్ దారిలో పడుకోబెట్టి ఉండొచ్చు, నిటారుగా ఒక రాత్రి ఉంచి తర్వాతే ప్లగ్గు పెట్టండి.

చిల్లర్ ఖరీదు మీ ట్యాంకు, స్టాండు కలిపినదానికంటే ఎక్కువే అవుతుంది, అందుకే డబ్బు కట్టేముందు ఐసు బాటిళ్ల పరీక్ష చేయండి. గంటకు ఎన్ని డిగ్రీలు పెరిగిందో, అప్పుడు గది ఎంత వేడిగా ఉందో, కూలర్ నడుస్తోందో లేదో, ఈ మూడూ ఇక్కడే రాయండి. మీరు చూసిన చిల్లర్ మీద ఉన్న వివరాల పట్టీ ఫొటో కూడా పెడితే, సైజు సరిపోతుందో లేదో చూసి చెబుతాను.